చెయ్యి ఎత్తితే గెంతే బొమ్మ

పోయిన వారం మా వీధి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ స్విచ్ పాడైతే, కొత్తది కొందామని రాయగడ మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళాను. షాపతను అట్టపెట్టె తెరిచి "కేతేటా దీదీ?" అన్నాడు ఒడియాలో, ఎన్ని కావాలని. నేను ఆలోచించకుండా "చారిటా" అనేశాను. నాలుగు. అతను నాలుగూ కాగితంలో చుడుతూ, "ఇంటికి నాలుగు గుమ్మాలా?" అని నవ్వాడు. అప్పుడుగానీ నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకు తెలియలేదు. మా ఇంటికి ఉన్నది ఒకటే వీధి గుమ్మం. దాని తలుపు కూడా వానాకాలం సరిగ్గా పడదు.

నాలుగు అనే లెక్క నాది కాదు, సిగ్నల్ మావయ్యది. ఆయన పోయి నెల దాటింది. రిటైరై శ్రీకాకుళం వైపు సొంతూరు వెళ్ళిపోయాడు, ఒకరోజు పొద్దున్న గుండెలో నొప్పన్నాడు, మధ్యాహ్నానికి లేడు. అత్తయ్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. షాపు ముందు స్విచ్‌ల పొట్లం పట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్నానేమో, షాపతను చిల్లర ఇవ్వడానికి కూడా భయపడ్డాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. తేదీ, టైము, రెండు పక్షాల సంతకాలు లేకుండా ఎవరి పేరు రాసినా అది కాగితమే కాదనేవాడు. రైల్వేలో సిగ్నళ్ళు చూసుకునే ఉద్యోగం. కొన్నేళ్ళు కకిరిగుమ్మలో, తరవాత రాయగడలో. మాకు చుట్టం కాదు. మా అమ్మని "అప్పా" అని పిలిచాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. మావైపు అక్కని అప్ప అంటారు.

స్టేషన్ రోడ్డులో నాకొక జెరాక్స్ షాపు ఉంది. అక్కడే పరిచయం. ఒకరోజు ఖాకీ సంచీ, మెడలో బూటు లేసుకి వేలాడే కళ్ళజోడు వేసుకుని వచ్చి, చేత్తో రాసిన కాగితం ఒకటి అద్దం మీద తిన్నగా పెట్టి, "ఇరవై కాపీలు" అన్నాడు. నాకు జనం కాగితాలు చదివే దురలవాటు ఉంది. చదివాను. "డిస్కనెక్షన్ మెమో. వస్తువు: ఖాళీ. యజమాని: ఖాళీ. ఈ వస్తువును ఫలానా గంట నుంచి పనిలోంచి తప్పించి మూత విప్పడానికి నాకు అభ్యంతరం లేదు." కింద సంతకాలకు గీతలు.

"ఏటండీ ఇది, ఏ వస్తువు?" అని అడిగాను.

"మిక్సీ అవ్వొచ్చు, ఫ్యాను అవ్వొచ్చు, వీడియో గేమ్ అవ్వొచ్చు. ఓనరు సంతకం నేందే నాను మూత ఇప్పనమ్మీ."

"మరి బాగయ్యాక?"

"అప్పుడు రీకనెక్షన్ మెమో. ఎనక పేజీ. తిరగెయ్యి, అదీ ఇరవై."

రైల్వేలో సిగ్నల్ పెట్టె మూత తీయాలంటే ముందు స్టేషన్ మాస్టర్‌కి కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవాలట. పని అయ్యాక ఇంకో కాగితం. మధ్యలో ఆ సిగ్నల్‌ని ఎవరూ నమ్మకూడదు. ఆ కాగితాలు లేకపోతే రైళ్ళు గుద్దుకుంటాయి. బాగానే ఉంది. పక్కింటి మిక్సీ మూత తీస్తే ఏ రైళ్ళు గుద్దుకుంటాయో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఇక్కడ అలవాటు తప్పితే రేపు అక్కడా తప్పుతాది" అన్నాడు. అంత సీరియస్‌గా చెప్పాక నవ్వకూడదని కాపీల వైపు తిరిగి నవ్వుకున్నాను.

ఆయన ఫోన్ మాట్లాడితే చూడాలి. అవతలివాళ్ళు చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పకుండా పెట్టేవాడు కాదు. "నువ్వు సెప్పింది: కొత్తిమీర ఒక కట్ట, అల్లం కొంచెం, వచ్చేటప్పుడు గ్యాస్ వోడికి సెప్పాల. ఔనా?" అటునుంచి అత్తయ్య అరుపు నాకు కూడా వినిపించేది. "కొంచెం అంటే ఎంత?" అని ఈయన మళ్ళీ అడిగేవాడు. 'కొంచెం', 'సుమారుగా' అన్న మాటలు ఆయన చెవికి పడవు. ఎక్కడ వైరు కనపడినా రెండుసార్లు లాగి చూసేవాడు. మా షాపులో ఫ్యాను వైరు లాగి ఊడబెరికి, "ఊడిపోయే వైరు ఊడిపోయే ఉంది, నాను ఊడబెరకనేదు" అన్నాడు. తరవాత అరగంట కూర్చుని బిగించాడు. ముందు నా చేత మెమో మీద సంతకం పెట్టించుకున్నాకే.

ఆయనకి పాత వీడియో గేముల పిచ్చి కకిరిగుమ్మలో పట్టిందట. చుట్టూ కొండలు, మంచు. వచ్చే రైలు వస్తుంది, పోయే రైలు పోతుంది, మిగతా టైమంతా మనిషి ఒక్కడే. బంధుగాం సంతలో ఒకసారి చింతపండు కొనడానికి వెళ్తే, ఇనప సామాన్ల కుప్పలో ఒక వీడియో గేమ్ కనపడింది. కేసెట్ గుచ్చి టీవీలో ఆడుకునేవి ఉండేవి చూడండి, మా చిన్నప్పుడు ప్రతి రెండో ఇంట్లో ఉండేవి, అవి. ఆ పాత పెట్టె బొమ్మని యాంటెనా వైరులోంచి పంపుతుంది. కొత్త పల్చటి టీవీలు దాన్ని పట్టుకోవు, చీమలు చూపిస్తాయి. అందుకే అవన్నీ అటకలెక్కేశాయి. ఈయన మూత తీసి, బొమ్మ లోపల యాంటెనా వైరుకి పంపే చిన్న డబ్బాలోకి దూరకముందే దాన్ని బయటికి లాగి, ఒక చిన్న ట్రాన్సిస్టరూ రెండు రెసిస్టర్లూ తగిలించి, వెనక పసుప్పచ్చ పిన్ను పెట్టేవాడు. కొత్త టీవీలో బొమ్మ అద్దంలా వచ్చేది. కాశీపూర్ నుంచి కూడా జనం సంచుల్లో పట్టుకొచ్చేవాళ్ళు.

అంతటితో ఆగితే బాగుండేది. పెట్టెలు కూడా మార్చడం మొదలెట్టాడు. పగిలిపోయిన ప్లాస్టిక్ గేమ్‌ని ఒకదాన్ని స్టీలు టిఫిన్ బాక్సులో బిగించాడు. పైన కేసెట్ గుచ్చడానికి సందు కోసి, పక్కన పచ్చలైటు పెట్టాడు. అత్తయ్య దాన్ని మూతకి సందు పడ్డ పాత డబ్బా అనుకుని వంటింట్లో అన్నం బాక్సు పక్కన పెట్టింది. ఈయన డ్యూటీకి వెళ్తూ తొందరలో అన్నం బాక్సనుకుని అదే పట్టుకుపోయాడు. మధ్యాహ్నం పట్టాల పక్కన మూత తీస్తే చిప్పులూ వైర్లూ. "తిన్నావా?" అని ఫోన్‌లో అడిగితే, "నువ్వడిగింది: తిన్నావా అని. ఔనా? తిన్నేదు" అన్నాట్ట. ఈ ముక్క అత్తయ్య నాకు వందసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇన్ని గేములు బాగుచేసినవాడికి ఒక్క ఆటా రాదు. మొదటి గోతిలోనే పడిపోయేవాడు. "గెంతమంటే ఎప్పుడు గెంతాలో ముందే సెప్పాల కదా, సిగ్నల్ నేకుండా ఎలా గెంతుతాం?" అనేవాడు.

మా అమ్మ గెంతేది. ఇప్పుడు చెప్పాల్సింది అమ్మ గురించి.

అమ్మ గుణుపూర్ వైపు రైతుల ఇంట్లో పుట్టింది. నాన్నకి మిల్లులో ఉద్యోగం కాబట్టి రాయగడ వచ్చింది. నా చిన్నప్పుడు నాన్న డ్యూటీకి వెళ్ళాక, వంట అయ్యాక, కొంగు బొడ్లో దోపి, వక్కపలుకు బుగ్గన పెట్టి, నా వీడియో గేమ్ లాక్కుని కూర్చునేది. అందులో చిన్న బొమ్మ ఒకటి పరిగెడుతూ ఉంటుంది, గోతులొస్తే గెంతించాలి, కొన్ని గోతులు దాటితే ఒక మేడ వస్తుంది. అమ్మ దాన్ని "మా గుంటడు" అనేది, మా పిల్లాడని. నేను స్కూల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని, మా అమ్మ చివరి మేడ దాకా వెళ్ళిపోతుందని. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఊరినుంచి ఎవరు ఆసుపత్రికొచ్చినా, రైలుకొచ్చినా మా ఇంట్లోనే భోజనం. వడ్డిస్తూ వడ్డిస్తూ మధ్యలో వచ్చి ఒక మేడ దాటించి వెళ్ళేది.

ఆ మనిషికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. కాలు మెల్లగా దారిలోకొచ్చింది. మాట కొంచెం ముద్దగా వచ్చినా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ చేసే ఆవిడ రబ్బరు బంతి ఇచ్చి, "ముడవడం చెయ్యే చేసేసుకుంటుంది, విప్పడమే మీరు చేయించాలి. ఇప్పుడు పట్టించుకోకపోతే ఇలాగే ఉండిపోతుంది" అంది. అమ్మ ఆ బంతిని కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది. ఎడంచేత్తో.

ఎడంచేత్తో ఎవరికైనా ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వడం అమ్మకి చావుతో సమానం. అందుకని ఎవరైనా వస్తే గదిలోకి పోయి తలుపేసుకునేది. చెంచాతో తినేది ఎవరూ చూడకూడదని గదిలోనే తినేది. వచ్చేవాళ్ళు తగ్గారు. నేను బతిమాలాను, తిట్టాను, రెండుసార్లు ఏడ్చాను కూడా. "నా సెయ్యి సచ్చిపోనాది, దాన్నొగ్గెయ్యి" అనేది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది. నాకు ఓపిక తక్కువ. ఆ పిడికిలి తెరుచుకోకపోతే అమ్మ ఆ గదిలోంచి బయటికి రాదని మాత్రం నాకు తెలుసు.

అయిదు నెలల తరవాత ఒకరోజు నా సెల్‌ఫోన్‌లో ఎవరో ఆడుతున్న ఆట వీడియో చప్పుడు విని, "నా గేమ్ ఏదే?" అంది. అయిదు నెలల్లో అమ్మ తనంతట తాను అడిగింది అదొక్కటే. అటకెక్కి తీశాను. కొత్త టీవీకి తగిలిస్తే చీమలు. నేను షాపు మూసేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రైల్వే క్వార్టర్స్‌కి పరిగెత్తాను.

మావయ్య వచ్చాడు. కూర్చున్నాడు. మెమో తీశాడు. "ఓనరు ఎవరు?"

"అమ్మే" అన్నాను.

"అయితే అప్ప సంతకం గావాల."

"మావయ్యా, చెయ్యి సంగతి తెలుసు కదా. నేను పెడతాను."

"నీది కాదు కదమ్మీ. ఏలిముద్ర సాలు." స్టాంపు ప్యాడు తీసి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ ఎడంచేతి బొటనవేలు ముందుకు పెట్టింది. ఈ మహానుభావుడు తల అడ్డంగా ఊపాడు. "ఆడోళ్ళకి కుడి బొటనవేలు. పెన్షన్ కాయితాల్లో రూలు."

నాకు ఆయన్ని ఆ ప్యాడుతో కొట్టాలనిపించింది. కుడి బొటనవేలు పిడికిలి లోపల ఇరుక్కుని ఉంది. అమ్మ ఆయన వంక చూసింది. ఆయన గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు, పాసింజరు కోసం కూర్చున్నట్టు. సాయం చెయ్యలేదు. అమ్మ ఎడంచేత్తో ఒక్కో వేలూ లాగి, మధ్యలో తిట్టి, అలిసిపోయి ఆగి, మళ్ళీ లాగి, చివరికి ఆ బొటనవేలు బయటికి తీసింది. దాని గోరు పెరిగిపోయి అరచేతిలో గుచ్చుకుని పుండు పడింది. మేమెవరం చూడలేదు. నేను చూడలేదు. కూతుర్నై ఉండి నేను చూడలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. మావయ్య ముద్ర వేయించుకుని, పెట్టె సంచీలో పెట్టుకుని, "గోరు తియ్యండి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజుకి పసుప్పచ్చ పిన్నుతో గేమ్ వచ్చింది. టీవీలో బొమ్మ పరిగెత్తింది. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఎడంచేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుంది. గెంతించే బటన్ కుడివైపు ఉంటుంది, చిన్నది, పిడికిలితో నొక్కడం కుదరదు. బొమ్మ గోతిలో పడింది. మళ్ళీ పడింది. జాయ్‌స్టిక్ గోడకి తగిలింది.

"పెద్ద బటన్లు గావాల," అన్నాడు మావయ్య, ముక్కలు ఏరుతూ. "డిపార్టుమెంటులో బోల్డున్నాయి, గానీ రైల్వే సామాను ఇంటికి తేను. అమ్మీ, ఎల్లి కాలింగ్ బెల్ స్విచ్‌లు నాలుగట్టుకొచ్చీ."

అవే ఆ నాలుగు. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి, మొదలెట్టడానికి ఒకటి, ఆ మూడూ ఎడంచేతికి. నాలుగోది గెంతడానికి, కుడి పిడికిలికి. చెక్క స్విచ్‌బోర్డు మీద బిగించాడు. నాలుగోదాని మీద పచ్చడి సీసా మూత అతికించాడు, పిడికిలి మొత్తం ఆనేలా. బరువు చెయ్యి పడే స్విచ్‌ని నేరుగా గేమ్‌కి కలపడం ఆయన మనసుకి ఒప్పలేదు. మా పాత టీవీ స్టెబిలైజర్ లోంచి ఒక రిలే పీకి మధ్యలో పెట్టాడు. రిలే అంటే కరెంటు ఇస్తే 'టక్' మని లేచి, తీసేస్తే 'టక్' మని పడే బుల్లి పరికరం. స్టెబిలైజర్లో మనం రోజూ వినే చప్పుడు అదే. లేచినప్పుడు ఒక పిన్ను, పడ్డప్పుడు ఇంకో పిన్ను కలుస్తుంది, ఆ పిన్నుల్ని ఈయన కాళ్ళంటాడు.

అంతా కలిపాక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి గేమ్ వేశాడు. ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ ఒక గెంతు గెంతింది.

"ఎవులు నొక్కేరు?" అన్నాడు.

ఎవరం నొక్కలేదు. ఆయన తన వేలు పచ్చడి మూత మీద పెట్టి నొక్కాడు. గెంతలేదు. వేలు తీశాడు. టక్. గెంతింది. మళ్ళీ నొక్కాడు, ఏమీ లేదు. తీశాడు, గెంతింది. సిగ్నల్ మావయ్య మొహం పాలిపోయింది. నేల మీద చతికిలబడ్డాడు.

"రాంగ్ సైడు" అన్నాడు గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరో పోయినట్టు.

సిగ్నల్ వాళ్ళకి తప్పులు రెండు రకాలట. వెళ్ళమనాల్సిన చోట ఆగమంటే రైలు ఆగుతుంది, అందరూ తిట్టుకుంటారు, అంతే. ఆగమనాల్సిన చోట వెళ్ళమంటే దాన్ని రాంగ్ సైడ్ అంటారు. వాళ్ళల్లో ఆ మాట పైకి అనరు. "వైరు తెగినా కరెంటు పోయినా రిలే పడిపోతాదమ్మీ. పడ్డాదంటే ఎర్రలైటు ఎలగాల. అందుకని పడ్డప్పుడు కలిసే కాలికి ఎర్రలైటు కడతాం. ముప్పై ఏళ్ళు కట్టేను. సెయ్యి దానంతటది ఆ కాలికే కట్టీసినాది. ఎర్రలైటుండాల్సిన కాడ గెంతు కట్టీసేను. ముప్పై ఏళ్ళలో ఒక్క రాంగ్ సైడు నేదు నాకు." కళ్ళజోడు తుడుచుకున్నాడు. నిజంగా ఏడుస్తాడేమో అనుకున్నాను.

ప్లగ్గు పీకడానికి వంగాడు. అప్పటికి అమ్మ కుడి పిడికిలి పచ్చడి మూత మీద ఆనుకుని ఉంది, బరువుకి బటన్ నొక్కుకునే ఉంది. ఎడంచేత్తో బొమ్మని నడిపిస్తోంది. గోయి వచ్చేస్తోంది. "ఒల్లకుండెహె!" అంటూ, ఊరుకోమని, అమ్మ ఆయన్ని తోసెయ్యబోయింది. అలవాటు కొద్దీ, కుడిచేత్తో. చెయ్యి భుజం దగ్గరనుంచి ఇంత పైకి లేచింది. టక్. బొమ్మ గోయి దాటింది.

ముగ్గురం టీవీ వంక చూశాం. అమ్మ చెయ్యి మళ్ళీ మూత మీద పడింది. ఇంకో గోయి వచ్చింది. పళ్ళు కరిచిపట్టి లేపింది. టక్. దాటింది.

"అప్పా, తియ్యి, ఇది తప్పు వైరింగు" అన్నాడు మావయ్య.

"మా గుంటడు గెంతేడా నేదా?"

"గెంతేడు గానీ..."

"మరింకేటి? ముట్టుకున్నావంటే ఊరుకోను."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. నొక్కడానికి అమ్మ ఏమీ కష్టపడక్కర్లేదు. సచ్చిపోయిందన్న చెయ్యి దాని బరువుకి అదే నొక్కుతుంది. గెంతాలంటేనే ఎత్తాలి. ఆ థెరపీ ఆవిడ బతిమాలి చేయించలేనిది ఈయన పొరపాటు చేయిస్తోంది. నేను ఆనందంతో ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. ఆయనకి మాత్రం ఏ ఆనందమూ లేదు. "ఎవులికీ సెప్పకమ్మీ," అన్నాడు. "మా డిపార్టుమెంటోళ్ళకి తెలిస్తే పరువు పోతాది." తప్పు సర్క్యూటుకి రీకనెక్షన్ మెమో ఇవ్వనని ఖరాఖండిగా చెప్పేశాడు.

అయినా రోజూ డ్యూటీ దిగి మా ఇంటికే వచ్చేవాడు. అమ్మని "ఎలాగున్నావు" అని ఎప్పుడూ అడగలేదు. "ఎన్ని గోతులు?" అనేవాడు. పాలు లేని టీ, మేమంతా నాలి చా అంటాం, గ్లాసుడు పట్టుకుని వెనక నిలబడేవాడు. ఆ రిలే 'టక్' మన్నప్పుడల్లా పన్ను పీకినట్టు మొహం పెట్టేవాడు.

వారం పోయాక ఆయనే పట్టుకున్నాడు. "అప్పా, దొంగాట ఆడతన్నావు. భుజంతో ఎత్తతన్నావు. ఏళ్ళతో ఎత్తాల." ఖాకీ గుడ్డ చింపి అమ్మ మణికట్టుని బోర్డుకి కట్టేశాడు. ఇప్పుడు వేళ్ళు లేస్తేనే టక్. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, గుణుపూర్ తిట్లు. ఆయన వినేసి, "నువ్వు సెప్పింది: నా తాత దొంగ, నాను దొంగ. ఔనా?" అన్నాడు. అమ్మ నవ్వింది. పక్షవాతం వచ్చాక అమ్మ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు, నోరు ఒక పక్కకి వంకరపోయినా పట్టించుకోలేదు. ఆ గుడ్డ కట్టాక రెండు వారాలు గుంటడు గోతుల్లోనే ఉన్నాడు. తరవాత చూపుడువేలు కొంచెం లేచింది. వానలు వెళ్ళేసరికి మధ్యవేలు. ఒకరోజు పక్కింటావిడ వస్తే అమ్మ గదిలోకి పోలేదు. "ఉండు, గోయి వస్తంది" అంది.

అంతలో ఆయన రిటైర్మెంట్ వచ్చింది. సామానంతా లారీలో వెళ్ళిపోయింది. రైలెక్కే రోజు పొద్దున్నే సంచీతో మా ఇంటికి వచ్చాడు.

"పది నిమిషాలప్పా. ఒక్క వైరు. రిలే లెగిసినప్పుడు కలిసే పైకాలికి మార్సీసి పోతాను."

నేను బోర్డుకి అడ్డంగా నిలబడ్డాను. "ఒద్దు మావయ్యా. ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇప్పుడు నొక్కే బటన్ చేసేస్తే మళ్ళీ ముడుచుకుపోతుంది. ఇంకో ఏడాది ఉండనీ."

"నాను మల్లీ వత్తానో రానో అమ్మీ. తప్పు ఒగ్గీసి ఎలా ఎల్లమంటావు? నాకు నిద్దరట్టదు."

ఆయన గొంతులో పంతం లేదు, దిగులే ఉంది. నేను అమ్మ వంక చూశాను, ఒప్పుకోకు అన్నట్టు. అమ్మ ఆ బోర్డు వంక చూస్తూ కూర్చుంది. తరవాత, "సెయ్యనీవే. ఆడి మనసు కుదురుండదు. నా సంగతి నాను సూసుకుంటాను" అంది. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇద్దరికీ కనపడకూడదని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని, బోర్డు తిరగేసి వెనక రేకు విప్పుతున్నాడు. విప్పిన స్క్రూలు నేల మీద పెట్టడు, దొర్లిపోతాయని ఎవరో ఒకరి చేతిలో పోస్తాడు. తల ఎత్తకుండానే, నేననుకుని, "పట్టమ్మీ" అని మొదటి స్క్రూ పక్కకి చాపాడు.

అమ్మ చెయ్యి పట్టింది.

చిటికెనవేలు ఇంకా వంకరే. ఉంగరంవేలు సగమే. కానీ అరచెయ్యి తెరుచుకుని ఉంది. గోరు పుండు మానిన మచ్చ నాకు గుమ్మంలోంచి కనపడుతోంది. "ఒకటి" అని ఆయన అందులో వేశాడు. స్క్రూ నిలిచింది. "రెండు." "మూడు." అమ్మ ఊపిరి బిగబట్టి ఉంది. నాలుగోది వేస్తుంటే ఆయన వేలు ఆ అరచేతికి తగిలింది. ఎవరి చెయ్యో అప్పుడు తెలిసి, తలెత్తి చూశాడు. కుడిచెయ్యి. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. స్క్రూడ్రైవర్ ఒళ్ళో పడిపోయినా తీసుకోలేదు.

"ఏటలా సూత్తావు? బేగి కానీ, సెయ్యి లాగుతంది" అంది అమ్మ.

ఆయన రేకు పక్కకి కూడా జరపలేదు. ఒక్కో స్క్రూనే ఆ చేతిలోంచి తీసుకుని తిరిగి బిగించడం మొదలెట్టాడు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. కళ్ళజోడు తీసేశాడు, అయినా కనపడటం లేదేమో, వేలితో తడిమి బిగించాడు.

"అదేటి, వైరు మార్సవేటి?" అంది అమ్మ.

"ఇందులో తప్పేటీ నేదప్పా" అన్నాడు.